వాసన పోగానే దిగు

పోయిన వారం మనం అద్దకం షెడ్డు గేటు దగ్గర ఆగాం. వీధి వీధంతా కొంగులూ చేతిరుమాళ్ళూ అడ్డం పెట్టుకుని గేటు ముందుకొచ్చి నిలబడింది. వారం రోజులుగా కుళ్ళిన గుడ్ల కంపు, ఇళ్ళలో ముద్ద దిగడం లేదు, పసిపిల్లలు వాంతులు చేసుకుంటున్నారు అని ఒకటే గోల. లోపలి నుంచి పెద్దాయన తాపీగా నడిచి వచ్చి, గాలిని రెండుసార్లు గట్టిగా పీల్చి, "ఏ వాసన?" అన్నాడు. జనం ముక్కున వేలేసుకున్నారు. అప్పటికే మూసుకుని ఉన్న ముక్కుల మీద వేలు ఎక్కడ వేసుకున్నారన్నది వేరే సంగతి.

ఆ మాట ఇంకెవరైనా అంటే తిట్టి పోసేవాళ్ళు. కానీ అన్నవాడు ముక్కు మేస్త్రీ. నూలు నలుపు వేసే తొట్టి మీదికి వంగి ఒక్కసారి పీల్చి, మందు ఎంత తగ్గిందో చెంచా లెక్కన చెప్పగల మనిషి. ఆ పేరు కన్నతల్లి పెట్టింది కాదు, పని పెట్టింది. అలాంటివాడే ఏ వాసన అంటే ఇక ఎవరితో వాదిస్తారు? చివరికి ఆయనే, షెడ్డు వెనక గొయ్యి మర్నాడు సాయంత్రానికల్లా శుభ్రం చేయిస్తానని మాటిచ్చి అందరినీ పంపేశాడు. అందరూ వెళ్ళారు గానీ ఒక్క మనిషి మాత్రం కదలకుండా ఆయన మొహంలోకే చూస్తూ ఉండిపోయింది. ఆవిడ ఆయన మరదలు, సొంత తమ్ముడి భార్య.

ఆ మర్నాడే ఇవాళ. సాయంత్రం ఇంకా కాలేదు, మధ్యాహ్నం భోజనాల వేళ.

పనివాళ్ళంతా ఇళ్ళకి వెళ్ళారు. షెడ్డులో తొట్ల మీద ఆవిరి సన్నగా లేస్తోంది. తడి నూలు కట్టలు దండేల మీద నీళ్ళు కారుస్తున్నాయి. ఓ మూల చెక్కలతో కట్టిన చిన్న గదిలో పెద్దాయన తన బల్ల ముందు కూర్చుని క్యారేజీ విప్పాడు. పొద్దుటి నుంచి ఆ గదికి ఏదో అయింది. ఊడ్చే మనిషి గుమ్మం దాకా వచ్చి, చీపురు అక్కడే పడేసి వెనక్కి తిరిగిపోయింది. నూలు ఏజెంటు లోపలికి ఒక కాలు పెట్టి, "తర్వాత వస్తానండీ" అంటూ ఆ కాలు వెనక్కి తీసుకున్నాడు. రోజూ ముద్ద కోసం వచ్చే పిల్లి కూడా గడప మీద ఆగి, తుమ్మి, తోక ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఇవాళ నేనేం చేశానురా భగవంతుడా అనుకున్నాడు పెద్దాయన. అనుకుని ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు.

ముద్ద వేడిగా ఉంది, ఉప్పగా ఉంది. రెండేళ్ళుగా ఆయనకి అన్నం అంటే అంతే. మిగతాదంతా గడ్డి నమిలినట్టే ఉంటుంది.

మరదలు గుమ్మంలోకి వచ్చింది. చీర కొంగు ముక్కుకి బిగించి కట్టుకుంది. పెళ్ళికి ముందు నీళ్ళు పరీక్ష చేసే చోట పని చేసిన పిల్ల. ఈ ఇంటికి వచ్చాక తెలుపు వైపు పని, అంటే నూలు చలవ చెయ్యడం, ఆ తర్వాత ఆమ్లం కలిపిన పులుపు నీళ్ళలో జాడించడం, అంతా ఆమే చూస్తుంది. మాట మెత్తన. కానీ పట్టు పట్టిందంటే ఉడుంపట్టే.

"బావగారూ, భోజనం ఎలా ఉంది?"

"మీ అక్క చేతి వంటకి వంకేముంటుందమ్మా!"

"ఘుమఘుమలాడుతోందా?"

"ఆఁ, ఆఁ. గది నిండిపోయింది."

ఆమె గుమ్మం దాటి లోపలికి రాలేదు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. అవి కంపు వల్ల వచ్చిన నీళ్ళో, ఇంకో దాని వల్లో చెప్పడం కష్టం.

"మీ కాళ్ళ దగ్గర, బల్ల కింద, ఒక డబ్బా ఉంది. తీసి చూడండి."

ఆయన వంగి చూశాడు. పాత రేకుడబ్బా, మూత లేదు. లోపల పగిలిన పెంకు ముక్కలు, వాటి మధ్య ఆకుపచ్చగా నల్లగా ఏదో ముద్ద. చూపు బాగానే ఉన్న మనిషి కాబట్టి అదేమిటో చూడగానే తెలిసింది. 

"కొట్టతన్ని కుళ్ళిన గుడ్డు ఉందా అని అడిగాను. ఇన్నేళ్ళలో మంచివి ఏరుకునేవాళ్ళనే చూశాట్ట, కుళ్ళింది ఏరుకునేదాన్ని నన్నే చూశాట్ట. బకెట్టు నీళ్ళలో వేయించి, పైకి తేలినదాన్ని పట్టుకొచ్చాను. పొద్దున మీరు రాకముందే పగలగొట్టి అక్కడ పెట్టాను. అప్పటి నుంచి మీరు దాని పక్కనే కూర్చున్నారు. భోజనం కూడా చేస్తున్నారు."

పెద్దాయనకి ముక్కు మీద కోపం ఉందని ఊరందరికీ తెలుసు. ఆ కోపాన్నే అడ్డం పెట్టుకుందామని చూశాడు.

"ఇదేం పరాచికం? పెద్దాచిన్నా లేదా? నేను దీన్ని ముందే పసిగట్టాను. ఎవరు పెట్టారో చూద్దామని ఊరుకున్నాను!"

"పసిగట్టి, ముద్ద నోట్లో పెట్టుకున్నారా?"

ఆయన కంచంలో చెయ్యి కడిగేశాడు. చేతి నీళ్ళు పంచెకి తుడుచుకుంటూ ఉండిపోయాడు. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. ఆ సిగ్గు కింద ఎక్కడో ఇంకొకటి కూడా ఉంది. రెండేళ్ళుగా మోస్తున్న మూట ఎవరో ఒక చివర పట్టుకుని కాస్త ఎత్తినట్టు, భుజం తేలికైంది. ఇలాంటప్పుడు తేలికపడడం ఏమిటని ఆయనకి తన మీదే అసహ్యం వేసింది.

"ఎప్పటి నుంచి బావగారూ?" ఈసారి ఆమె గొంతులో నిలదీత లేదు.

"ఆ జ్వరం వచ్చింది చూడు, మంచం మీద పడి ఉన్నాను. లేచిన రోజు మీ అక్క కాఫీ ఇచ్చింది. వేడినీళ్ళు ఇచ్చావేమిటే అనబోయి గ్లాసులోకి చూశాను. కాఫీయే. అప్పటి నుంచి."

"అక్కకి తెలుసా?"

"కట్టుకున్నదానికి కూడా చెప్పలేదు."

"మరి మీ తమ్ముడికి?"

"వాడికి అసలు తెలియకూడదు." ఆ మాట ఆయన నోటి నుంచి తటాలున వచ్చింది. "నాన్న పోయేనాటికి వాడు నా నడుము దాకా కూడా లేడు. నా వేలు పట్టుకుని ఈ తొట్ల మధ్య తిరిగి పెరిగాడు. కనపడినవాళ్ళందరికీ మా అన్నయ్య ముక్కు, మా అన్నయ్య ముక్కు అని చెప్పుకు తిరుగుతాడు. అవతల అద్దకం వాళ్ళంతా పరీక్ష కాగితాలు ముంచి చూసుకుని, మిషన్లు పెట్టుకుని నలుపు వేస్తుంటే, మన నలుపు కోసం ఎందుకు వస్తున్నారమ్మా జనం? ఈ ముక్కుని చూసే. ఇది లేదని తెలిస్తే నేనెవణ్ణి?"

"ఇన్నాళ్ళూ తొట్టి ఎలా చూశారు?"

"పనివాళ్ళని అడుగుతాను. ఏరా, ఇవాళ వాసన ఎలా ఉందో చెప్పు, పని వచ్చిందో లేదో చూద్దాం అంటాను. వాడు చెప్తాడు. నేను తలూపుతాను. మిగతాది కళ్ళతో లాక్కొస్తున్నాను. నూలు తొట్టిలోంచి తీసినప్పుడు ఆకుపచ్చగా ఉండి, గాలి తగిలాక నల్లబడుతుంది చూడు. ఎంత త్వరగా తిరిగిందో చూసి మందు లెక్క కడతాను."

ఆమెకి నవ్వు వచ్చింది. రాకూడని చోట వచ్చిన నవ్వు అది.

"నన్నూ అడిగారు. చెప్పు చూద్దాం అన్నారు. బావగారు నాకు స్వయంగా పని నేర్పుతున్నారని ఎంత మురిసిపోయానో!"

"నువ్వే అందరికంటే బాగా చెప్పేదానివమ్మా," అన్నాడాయన. అది మెప్పే. ఇన్నాళ్ళకి నిజంగా ఇచ్చిన మెప్పు.

ఆమె గుమ్మం నుంచి ఒక అడుగు లోపలికి వేసి, ఆయన చేతి వంక చూపించింది.

"మీ వెండి ఉంగరం చూసుకున్నారా?"

చూసుకోకేం, రోజూ చూస్తూనే ఉన్నాడు. వారం పది రోజులుగా అది బొగ్గులా నల్లబడిపోతోంది. పళ్ళపొడి పెట్టి తోముతున్నాడు, మళ్ళీ నల్లబడుతోంది. వెండిలో కల్తీ ఉందని కంసాలిని తిట్టుకున్నాడు కూడా.

"మీ ముక్కు చెప్పనిది అది చెప్తోంది. ఆ గుడ్డులో ఉన్నదీ, మన నలుపు మందులో ఉన్నదీ ఒకటే గంధకం బావగారూ. గుడ్డులో కంటికి కనపడని పురుగులు చేరి, కుళ్ళబెట్టి, ఆ గంధకాన్ని గాలి చేసి బయటికి వదులుతాయి. మన గోతి అడుగు బురదలో కూడా, గాలి ఆడని చోట, అవే ఆ పని చేస్తాయి. కానీ అవి చేసేది నత్తనడక పని. కాస్త కంపు వస్తుంది, పోతుంది. ఇన్నేళ్ళూ వీధి వాళ్ళు ఓర్చుకున్నది అదే. నేను పుట్టింటి నుంచి తిరిగొచ్చిన రోజు చూశాను, ఇది ఆ కంపు కాదు. వీధి చివరికే కొట్టింది. నీళ్ళలో అణిగి ఉన్న గంధకం ఇంతలా ఒక్కపెట్టున లేవాలంటే దానికి పులుపు తగలాలి. మన పులుపు కాలువ అటు పోదు కదా? అదే నాకు అంతుపట్టడం లేదు."

పెద్దాయన బల్ల అంచు పట్టుకున్నాడు.

ఈ షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది. పెద్దాయన తండ్రి కాలం నుంచీ ఉంది. కొత్తగా పనిలో చేరినవాడికి తొట్టి చూపించే ముందు రెండు కాలువలు చూపిస్తారు. ఒకటి నలుపు కాలువ, ఒకటి పులుపు కాలువ. రంగు వేశాక మిగిలిన నల్లనీళ్ళు ఒక గోతిలోకి, తెలుపు వైపు జాడించిన పులుపు నీళ్ళు ఇంకో గోతిలోకి. 'నలుపూ పులుపూ ఒక గోతిలో పడకూడదు' అని ఆ ముసలాయన కర్ర పెట్టి నేల మీద కొట్టి చెప్పేవాడు. ఎందుకు పడకూడదో ఆయన చెప్పలేదు. అడిగితే ఆ కర్ర నేల మీద కాక వీపు మీద పడేది.

"పోతుంది," అన్నాడు పెద్దాయన.

"ఏమిటి పోతుంది?"

"పులుపు కాలువ నలుపు గోతిలోకి పోతుంది. పులుపు గొయ్యి గోడ బీటలిచ్చి, పక్కవాళ్ళ బావిలోకి ఊట కడుతోందని తమ్ముడు కాలువ తిప్పాడు. బండల కింద చెక్క పలక అడ్డం పెట్టాడు. నువ్వప్పుడు పుట్టింట్లో ఉన్నావు."

"నాకు చెప్పలేదే!"

"చెప్తే గొడవ చేస్తావన్నాడు. గోడకి సిమెంటు పట్టే దాకా, రెండు రోజులేగా అన్నాడు." ఆయన చూపు ఉంగరం మీద పడింది. "'నీ ముక్కు ఉందిగా అన్నయ్యా. తేడా వస్తే నీకే ముందు తెలుస్తుంది. నువ్వు ఒక్క మాట చెప్పు, ఆ క్షణమే తిప్పేస్తా' అన్నాడు."

"మీరేమన్నారు?"

"తలూపాను."

తల ఊపడం ఎంత చిన్న పని! ఆ తర్వాత రెండు రోజులు కాస్తా వారం దాటాయి, అన్న ఏమీ అనలేదు, పలక అలాగే ఉండిపోయింది. తమ్ముడికి కంపు తగలక కాదు. పొద్దున్నే గేటు తీయగానే గుప్పుమనేది. కానీ నలుపు తొట్టి దగ్గర గడిపేవాడి ముక్కు పూట గడిచేసరికి మొద్దుబారిపోతుంది. పైగా అన్న ముక్కు ఉండగా తన ముక్కు మాట ఎవడు వింటాడు? అన్నయ్య ఏమీ అనలేదంటే ఏమీ లేదన్నమాటే. అన్నని నమ్మినవాడు తన ఊపిరిని కూడా నమ్మడం మానేశాడు.

మరదలు మొహంలో రంగు పోయింది. ముక్కుకి కట్టుకున్న కొంగు జారి భుజం మీద పడింది. దాన్ని సర్దుకోవడం కూడా మరిచిపోయింది.

"బావగారూ, ఇటొచ్చే ముందే పులుపు తొట్టి బిరడా తీసి వచ్చాను. భోజనాల వేళ ఖాళీ అవుతుందిలే అని. నిండు తొట్టి."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. షెడ్డు అవతలి చివర నుంచి బండల కింద నీళ్ళు నడుస్తున్న చప్పుడు సన్నగా వినిపిస్తోంది. ఇందాకటి నుంచీ ఉన్న చప్పుడే అది.

"గొయ్యి దగ్గర ఎవరూ లేరు కదా?"

"ఎవరుంటారు? వాడు గొయ్యి తోడే మోటారు అద్దెకి తేవడానికి వెళ్ళాడుగా."

"హమ్మయ్య!" ఆమె ఊపిరి పీల్చుకుంది. "వచ్చినా దిగడులెండి. మీరు దిగమనకుండా మీ తమ్ముడు ఆ గోతిలో కాలు పెట్టడు."

అదీ కట్టుబాటే. గొయ్యి శుభ్రం చెయ్యాలంటే ముందు ఇంటి పెద్ద వచ్చి మూత దగ్గర వంగి వాసన చూడాలి. ఆయన 'దిగు' అంటే దిగాలి, 'ఆగు' అంటే ఆగాలి. తండ్రి ఉన్నన్నాళ్ళూ తండ్రి అన్నాడు, తర్వాత ఈయన అంటున్నాడు. అలా అంటూనే ఇన్నేళ్ళలో ఒక్క ప్రాణానికీ కీడు జరగనివ్వలేదు.

"పొద్దున చెప్పాను," అన్నాడు పెద్దాయన.

"ఏం చెప్పారు?"

పొద్దున మూత తీయించి, పనివాళ్ళంతా చూస్తుండగా గొయ్యి మీదికి వంగాడు. కళ్ళు మూసుకుని పీల్చాడు. లోపలికి గాలి వెళ్ళింది, అంతే. పక్కన తమ్ముడు కొంగు లేని ముక్కుని చేత్తో మూసుకుని దగ్గుతున్నాడు కాబట్టి కంపు ఉందని తెలిసింది. ఏదో ఒకటి అనాలి. మేస్త్రీ కదా, తీర్పు చెప్పాలి. కాస్త ఆలోచించినట్టు నటించి, గొంతు సవరించుకుని ఒక మాట అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఎంత తెలివిగా అన్నానో అనుకున్నాడు.

"మూత తీసి ఉంచు, కాసేపు ఆగు, వాసన పోగానే దిగు అన్నాను."

ఆమె రెండు చేతులూ చెంపలకి ఆనించుకుంది.

"ఆ విషవాయువు పోదు బావగారూ! గాలి కంటే బరువైంది, మూత తీసినా గోతిలోనే కూర్చుంటుంది. కొంచెం ఉంటే కంపు కొడుతుంది. మరీ ఎక్కువైతే ముక్కే చచ్చిపోతుంది. ఆ గోతి దగ్గర వాసన పోయిందంటే..."

మాట పూర్తి చెయ్యలేదు. వెనక దొడ్లో నుంచి ఇనుప నిచ్చెన రాతికి తగిలిన చప్పుడు వచ్చింది. ఆ వెంటనే ఈల వినిపించింది. ఏ పనిలో దిగినా ఈల వేసే అలవాటు ఆ ఇంట్లో ఒక్కడికే ఉంది.

పెద్దాయన వయసు మరిచి పరిగెత్తాడు. బల్ల తన్నుకుని రేకుడబ్బా దొర్లింది. వెనకే మరదలు.

దొడ్డి నాలుగు వైపులా గోడలే. గాలి కదలడం లేదు. గొయ్యి పక్కన అద్దెకి తెచ్చిన మోటారు, దాని మీద మడత పెట్టిన చొక్కా, కింద చెప్పుల జత. వీధి గేటు తీస్తే భోజనం చేస్తున్న అన్నయ్యకి ఇబ్బంది అని వెనక తలుపు నుంచి వచ్చాడు కాబోలు, మంచివాడు. గొయ్యి మీద బురద బకెట్లు లాగే గిలక ఉంది. గిలక మీదుగా మోకు లోపలికి దిగి ఉంది. రెండో చివర ఎప్పుడూ అన్నయ్య చేతిలో ఉండేది. ఇవాళ అన్నయ్య లేడు కాబట్టి పక్క స్తంభానికి కట్టేసి ఉంది.

"ఒరేయ్ చిన్నోడా!"

"అన్నయ్యా!" లోపలి నుంచి గొంతు ఉత్సాహంగా వచ్చింది. కాస్త బొంగురుపోయింది, అంతే తేడా. "నువ్వు చెప్పినట్టే అయింది. ఇందాక వంగి చూస్తే కడుపులో తిప్పింది. ఇంకాసేపు అలాగే కూర్చుని చూశాను. వాసన పోయింది. ఇప్పుడు అసలు లేదు. నీ ముక్కుకి దండం పెట్టాలి!"

"పైకి రా! ఉన్నపళంగా పైకి రా!"

"వచ్చేస్తా, తూము దగ్గర బురద కాస్త తీసి..."

"నాకు ముక్కు లేదురా!"

ఆ మాట దొడ్డి గోడల మీద మోగింది. రెండేళ్ళు ఒక్కరికీ చెప్పని మాటని ఆయన ఊరంతా వినేలా అరిచాడు. "నాకు వాసన తెలియదు! జ్వరం వచ్చినప్పుడే పోయింది! నేను చెప్పిందంతా అబద్ధం! నా మాట నమ్మకు! పైకి రా!"

 తర్వాత లోపలి నుంచి నవ్వు వచ్చింది. అన్నయ్య ఎప్పుడో గానీ వేళాకోళం ఆడడు, ఆడితే తమ్ముడు విరగబడి నవ్వుతాడు, చిన్నప్పటి నుంచీ అంతే. "ముక్కు మేస్త్రీకి ముక్కు లే..."

నవ్వు సగంలో ఆగిపోయింది. బురదలో ఏదో బరువుగా పడ్డ చప్పుడైంది.

పెద్దాయన ఒక కాలు నిచ్చెన మీద వేశాడు. మరదలు వెనక నుంచి ఆయన చొక్కా పట్టుకుని శక్తి కొద్దీ లాగింది. చొక్కా చిరిగింది గానీ ఆమె వదల్లేదు.

"దిగకండి! మీరు దిగితే ఇద్దరు పోతారు! పై నుంచే లాగండి! నడుముకి మోకు ఉంది!"

"లాగుతా, లాగుతా!" ఆయన స్తంభం దగ్గర ముడి విప్పి, మోకు చేతులకి చుట్టుకుని వెనక్కి వాలాడు. గిలక కిర్రుమంది. బరువు కదిలింది. అంత బరువునీ ఒకప్పుడు ఆయనే భుజాన ఎక్కించుకుని వీధంతా తిప్పాడు.

కాలువ నోటి నుంచి పులుపు నీళ్ళు గోతిలోకి ధారగా పడుతున్నాయి. పడిన చోట నల్లనీళ్ళు నురగ కడుతున్నాయి. ఆమె అది చూసింది.

"నీళ్ళు ఆపకపోతే మీరు లాగే లోపలే ఆయన... పలక ఎక్కడుంది?"

"ఆ మూల, విరిగిన బండ కింద! వద్దమ్మా, అటు వెళ్ళకు! వీధిలోకి పరిగెత్తి ఎవరినైనా పిలు!"

"పిలిచేంత టైము లేదు!"

ఆమె మోకాళ్ళ మీద కూలబడి బండ పక్కకి నెట్టింది. పలక నీళ్ళకి ఉబ్బి బిగుసుకుపోయి ఉంది. దాన్ని లాగాలంటే తల కాలువలోకి వంచాలి. ఒకసారి వంచి, దగ్గుతూ పైకి లేచింది. మళ్ళీ వంచింది.

ఆయన ఎవరినీ ఎన్నడూ నిజంగా అడగనిది అప్పుడు అడిగాడు. మేస్త్రీలా కాదు, పని వచ్చిందో లేదో చూద్దాం అని కాదు.

"అమ్మాయీ, వాసన వస్తోందా? నాకు తెలియదు, నువ్వే చెప్పాలి! వస్తున్నంతసేపే నువ్వక్కడ ఉండు. చెప్తూ ఉండు!"

"వస్తోంది!" దగ్గు. "ఘోరంగా వస్తోంది!"

మంచిదే అనుకున్నాడు ఆయన. కుళ్ళు కంపు కొడుతోందంటే సంతోషించిన మనిషి లోకంలో ఆయనొక్కడే అయి ఉంటాడు. మోకు ఒక మూర పైకి వచ్చింది. కళ్ళు మండుతున్నాయి, నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. గేటు అవతల ఎవరో పరిగెత్తుకొస్తున్న అడుగులు వినిపించాయి. తను అరిచింది వీధి విన్నట్టుంది. గేటుకి లోపల గడియ ఉంది.

"వస్తోందా?"

"వస్తోంది! పలక కదిలింది బావగారూ, కొంచెం కదిలింది!"

ఇంకో మూర. గోతి అంచు దగ్గర తమ్ముడి తల కనిపించింది. జుట్టు నిండా బురద, మెడ పక్కకి వాలిపోయి ఉంది. గుండె మీద చెయ్యి వేసి చూడాలి, ఊపిరి ఆడుతోందో లేదో తెలియాలి. కానీ మోకు వదిలితే గిలక తిరిగి మొత్తం మళ్ళీ అడుక్కి పోతుంది. స్తంభానికి చుట్టడానికి ఇంకా రెండడుగులు వెనక్కి వెళ్ళాలి. పళ్ళు బిగపట్టి ఒక అడుగు వేశాడు. అవతల గేటు బాదుతున్నారు.

"వస్తోందా?"

జవాబు లేదు.

"అమ్మాయీ! వాసన వస్తోందా?"

కాలువ దగ్గర ఆమె తల ఎత్తింది. దగ్గు ఆగిపోయింది. మొహం ప్రశాంతంగా ఉంది. గొంతు కాస్త బొంగురుగా, ఉత్సాహంగా, అచ్చం ఇందాక తమ్ముడి గొంతులాగే ఉంది.

"లేదు బావగారూ. పోయింది. ఇప్పుడు అసలు లేదు."

అని, ఇందాక తను చెప్పిందే మరిచిపోయినట్టు, ఇక భయం లేదన్నట్టు, మళ్ళీ కాలువలోకి వంగింది. ఆయన రెండు చేతులూ మోకు మీదే ఉన్నాయి.